నూకరత్నం చెంబు

నేను ఒక స్టీలు చెంబుని. లీటరు నీళ్ళు పడతాయి. అంచు దగ్గర చిన్న సొట్ట, మెడ కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన ఒక పేరు: "కీ.శే. పంపన సీతారత్నం జ్ఞాపకార్థం". ఆ సీతారత్నాన్ని నేను చూడలేదు, ఆవిడా నన్ను చూడలేదు. ఆవిడ పెద్దకర్మకు వచ్చినవాళ్ళకు భోజనాలయ్యాక తలా ఒకటి పంచడానికి కొడుకులు మమ్మల్ని రెండు వందలు కొన్నారు. బతికుండగా ఆవిడ మాట ఎంతమంది విన్నారో తెలియదు గాని, పోయాక ఆవిడ పేరు రెండు వందల ఇళ్ళలో నీళ్ళు మోస్తోంది.

అంతకు ముందు నాకు పెద్ద కథ లేదు. రేకుగా ఉన్నాను, అచ్చులో పెట్టి గుద్దారు, మెరిసేదాకా సాన పట్టారు. కాకినాడలో ఒక సామాన్ల కొట్టులో తాడుకు వేలాడాను. ఆ కర్మ భోజనానికి లోవతల్లి అనే ఆవిడ వెళ్ళింది గనుక నేను ఆవిడ ఇంటికి వచ్చాను. సముద్రానికి దగ్గరగా, జమదానీ చీరలు నేసే ఊరు అది. కొన్నాళ్ళు మజ్జిగ పట్టుకున్నాను. తరువాత అటక ఎక్కాను. ఆ అటక మీద విశ్రాంతి ఎంత సుఖమో అప్పట్లో నాకు తెలియలేదు.

నన్ను కిందికి దించింది లోవతల్లి కోడలు నూకరత్నం. జమదానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నెయ్యాలి. నూకరత్నం, భర్త సూరిబాబు అలా పదకొండేళ్ళు నేశారు. వీధి మొత్తంలో ఆమె నేసే పూల బుటాలకు పేరుండేది. ఒక వానాకాలంలో మగ్గం గుంటలో ఎలుక చచ్చి కంపు కొడితే ఆమే దాన్ని తీసి పారేసింది. చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. ఆ కడుక్కోవడం ఇక ఆగలేదు. ఆ చేత్తో పట్టు ముట్టుకుంటే, ఆ చీర కట్టుకున్న పెళ్ళికూతురు చచ్చిపోతుందని ఆమె భయం.

"అలా జరగదని నాకూ తెలుసు మావా. తెలిసినా ఆగట్లేదు," అనేది సూరిబాబుతో.

ఇంట్లో ఉన్న కొత్త బకెట్టు, కొత్త మగ్గు ఆమెకు మైలగా కనిపించాయి. చావింటి నుంచి వచ్చిన నేను శుభ్రంగా కనిపించాను. ఆ జబ్బు లెక్కలు అలా ఉంటాయి. పెరట్లో కడుగురాయి మీద నా చోటు. రోజుకు నూట నలభై సార్లు మునిగాను, నూట నలభై సార్లు వంగాను. నా మెరుపు పోయింది, ఆమె వేళ్ళ మీద తోలు పోయింది. పగిలిన వేళ్ళకు పట్టు పోగు తగులుకుని తెగేది. చివరికి ఆమె మగ్గం దిగిపోయింది. సూరిబాబు పక్కన లోవతల్లి కూర్చుంది. ఆవిడకు చూపు ఆనదు, బుటాలు తప్పేవి.

ఇరుగుపొరుగు దాన్ని చాదస్తం అన్నారు. కొందరు మెచ్చుకున్నారు కూడా. "కోడలంటే అలా ఉండాలి. మా వాళ్ళూ ఉన్నారు, కాళ్ళు కూడా కడుక్కోరు," అంది ఎదురింటావిడ.

పట్టు ఇచ్చి నేయించే ఆసామి మాత్రం తప్పిన బుటాలు చూసి ఖరాఖండిగా చెప్పాడు. "ఈ పడుగు చీరలు అయ్యేలోగా నూకరత్నం మగ్గం ఎక్కాలి. లేపోతే ఇంకో పడుగు మీకియ్యను సూరిబాబూ. ఏవనుకోకు."

అప్పుడు పెద్దాసుపత్రికి వెళ్ళారు. నన్నూ ఉతికిన తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది, బయటి చెంబులు ముట్టదు గనుక. డాక్టరమ్మ అంతా విని, ఇది ఓసీడీ అనే జబ్బని చెప్పి, పచ్చా తెలుపూ కలిసిన గొట్టం మాత్రలు రాసింది. మందుల షాపాయన చీటీ చూసి, "ఇయ్యి దిగులు మనుషులకిచ్చేవండి," అన్నాడు. సూరిబాబు డాక్టరమ్మ దగ్గరికి వెనక్కి వెళ్ళాడు.

"మా ఆడమనిషికి దిగులేటండి? పొద్దుట్నించీ కడుక్కోవడమే గదండి."

"మందు ఒకటే, జబ్బులు రెండు," అంది డాక్టరమ్మ. "చెయ్యి శుభ్రమైందన్న కబురు ఈమె మనసుకు అందట్లేదు. ఈ మందు వాడితే మెల్లగా అందుతుంది. దిగులుకిచ్చే దానికన్నా మోతాదు ఎక్కువ కావాలి, ఓపికా ఎక్కువ కావాలి. పది పన్నెండు వారాలు పడుతుంది. మధ్యలో మానకండి."

మానలేదు. పదో వారం వచ్చింది. మోతాదు మూడు మాత్రలకు పెరిగింది. నా మునకలు నూట నలభై నుంచి ఒక్కటీ తగ్గలేదు. ఎందుకో నాకు మొదటిరోజు నుంచీ తెలుసు. నాకూ మూతి ఉంది గాని, అందులోంచి నీళ్ళు తప్ప ఏమీ రావు.

ఆసారి ఆసుపత్రికి లోవతల్లి కూడా వచ్చింది, మందు మాన్పించేద్దామని చెప్పడానికి. చెప్పింది. డాక్టరమ్మ కాసేపు కాగితాలు తిరగేసి, "మాత్ర ఎలా వేసుకుంటున్నావమ్మా?" అని అడిగింది.

"టిఫిను తిన్నాకండి. ఒక్కరోజూ మానలేదండి."

"అది కాదు. ఇక్కడ ఒకటి వేసుకుని చూపించు."

నూకరత్నం నన్ను బయటికి తీసింది. పగిలిన చేతులకు హాయిగా ఉంటుందని ఫ్లాస్కులో తెచ్చుకున్న వెచ్చటి నీళ్ళు నాలో పోసుకుంది. మూలనున్న తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, మాత్రను అరచేతిలో వేసుకుని, నన్ను వంచి, బొటనవేలితో రుద్ది కడిగింది. ఒకసారి, రెండుసార్లు. అయిదోసారికి గొట్టం మెత్తబడి విడిపోయింది. తెల్లటి పొడి తూములోకి జారిపోయింది. మిగిలిన తొక్కను ఇంకో రెండుసార్లు కడిగి మింగింది.

"రోజూ ఇంతేనా?"

"ఏడుసార్లండి. షాపాయన చేత్తో ముట్టుకునిత్తాడు గదండి."

డాక్టరమ్మ లోవతల్లి వైపు తిరిగింది. "మీరు చూడలేదా?"

"రోజూ చూత్తానే ఉన్నానండి. శుభ్రంగా కడుక్కునేసుకుంటంది, మంచిదే గదా అనుకున్నానండి."

డాక్టరమ్మ నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "పది వారాల మందూ తూములోకి పోయిందమ్మా. నీ ఒంట్లోకి వెళ్ళనే లేదు."

నూకరత్నం తూము వైపు చూసింది. తరువాత మెల్లగా అడిగింది, "అయితే ఈ మందు నాకు పనిచెయ్యదని కాదాండి?"

"పనిచేస్తుందో లేదో మనం ఇంకా చూడలేదు. మూడొద్దు, మళ్ళీ ఒక్కదాంతో మొదలుపెడదాం. కడక్కుండా."

ఇంకో మాత్ర ఆమె అరచేతిలో పడింది. ఆమె చూపు నా మీదికి వచ్చింది. ఆ జబ్బు కడగమంటోంది, మందేమో కడక్కుండా మింగాలి. "ఎవరికన్నా ఏవన్నా అయితేనండి?"

"భయం వేస్తుంది. వేయనీ. భయంతోనే మింగు."

మాన్పించడానికి వచ్చిన లోవతల్లి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "మింగెయ్యవే తల్లీ. ఆ మగ్గం నా వల్ల కావట్లేదు."

మింగింది. ఆ రోజంతా ఏడ్చింది.

మందు లోపలికి వెళ్ళాక కూడా ఏ అద్భుతమూ జరగలేదు. మొదటి రెండు వారాలు వికారం, సరిగా తినలేకపోయింది. మోతాదు మళ్ళీ మెట్టు మెట్టుగా పెంచారు. కడుక్కోవాలనిపించినప్పుడు కాసేపు ఆగి చూడమని డాక్టరమ్మ నేర్పింది. ఆమె నా ముందు నిలబడి, నన్ను ఎత్తకుండా పళ్ళు బిగించుకునేది. ఆరో వారానికి నూట ఇరవై. మధ్యలో ఒకరోజు మళ్ళీ నూట యాభై. పదకొండో వారానికి యాభై. వేళ్ళ మీద కొత్త తోలు వచ్చింది.

"తగ్గింది గదే, ఇంకెందుకా మాత్రలు?" అంది లోవతల్లి.

"ఇప్పుడు మానేత్తే మళ్ళీ మొదటికొచ్చేద్దంట అత్తా. ఏడాది దాటినా వాడాలంది. మళ్ళీ మగ్గం నువ్వెక్కుతావేటి?"

లోవతల్లి ఆ తరువాత మాత్రల ఊసెత్తలేదు.

పడుగులో ఆఖరి చీర సగంలో ఉండగా, మొన్న పొద్దున నూకరత్నం పెరట్లోకి వచ్చింది. లోపల సూరిబాబు పక్కన చోటు ఖాళీగా ఉంది. ఆమె ఒకసారి చేతులు కడుక్కుంది. రెండోసారి కడుక్కుంది. మూడోసారి నన్ను నిండా ముంచి ఎత్తింది. ఎత్తినదాన్ని అలాగే పట్టుకుని నిలబడింది. ఆమె వేళ్ళు నా అంచును నొక్కడం నాకు తెలుస్తోంది.

"వత్తన్నా మావా," అని నన్ను రాయి మీద దించేసి, తడి చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది.

మగ్గం చప్పుడు మొదలైంది. ఆగింది. నేను గుమ్మం వైపు చూస్తూ ఉన్నాను. చాలాసేపటికి మళ్ళీ మొదలైంది. మధ్యాహ్నం ఎండకు నాలో నీళ్ళు వేడెక్కాయి. వాటి కోసం ఎవరూ రాలేదు.