పక్క సీటు బ్రేకు

బేరం కుదిరేదాకా నోరు విప్పనని టైలరమ్మ మరిదికి మాటిచ్చింది. మరిది మెకానిక్కు. పాత బండి లోపాలు వాడికి ఇట్టే దొరికిపోతాయి. అయితే వదిన మొహమాటానికి మాత్రం వాడి దగ్గర రిపేరు లేదు. అందుకే బయల్దేరేముందే హెచ్చరించాడు. "కారు నీకు నచ్చిందని తెలిస్తే చాలు వదినా, రేటు పెరుగుతుంది. నోటికి తాళం వేసుకో."

అమ్మేది ఎవరో కాదు, ఆమెకు డ్రైవింగ్ నేర్పిన మాస్టారే. మోకాళ్లు మొరాయించడంతో స్కూలు మూసేశారు. మిగిలింది ఆ తెల్లకారు. మూడుసార్లు పరీక్ష తప్పి నాలుగోసారి ఆమె గట్టెక్కింది అందులోనే.

ఇప్పుడు తను కూడా ఆడవాళ్లకు కారు నేర్పాలని టైలరమ్మ కోరిక. ఆ సంగతి మరిదొక్కడికే తెలుసు. కొలతలివ్వడానికి వచ్చేవాళ్లలో సగంమంది "నేర్చుకోవాలనే ఉంది గానీ, కసురుతారని భయం" అనేవాళ్లు. విని విని, పదేళ్లపాటు లక్షా నలభై వేలు కూడబెట్టింది. అంతకు మించి పైసా లేదు.

మరిది కారు చుట్టూ తిరిగి, ముందు తలుపును వేలితో తట్టాడు. "ఈ రంగు తర్వాత వేసింది."

"గేటుకు గుద్దుకుంది," అన్నారు మాస్టారు. గుద్దిందెవరో చెప్పలేదు. టైలరమ్మ నేలచూపులు చూసింది.

వరండాలో కాగితం ముందేసుకున్నారు. ఆ ఏడాది బండికి బయట రేటు లక్షా తొంభై. అరిగిన క్లచ్చుకు, రెండు టైర్లకు, ఆ తలుపుకు కలిపి నలభై తీసేశారు.

"పక్క సీటు ముందు నేర్పేవాళ్ల కాలికి రెండో బ్రేకుంది కదా, ఇంట్లో వాడుకునేవాళ్లకు అదెందుకు? పీకించాలి. ఇంకో పది తగ్గించండి," అన్నాడు మరిది, ఏమీ ఎరగనట్టు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ముందొచ్చిన ముగ్గురూ అదే అన్నారు. సరే, లక్షా నలభై."

మరిది వదిన వైపు చూసి కన్నుగీటాడు. సరిగ్గా ఆమె దగ్గరున్నంత! ఇక నోరు మూసుకుని తాళాలు అందుకోవడమే మిగిలింది. కానీ ఆమెకు ఒళ్లంతా సిగ్గుగా ఉంది. ఎన్ని మలుపుల్లో తన ప్రాణం కాపాడిందో ఆ బ్రేకు. దాన్నే పనికిరానిదని చెప్పి మాస్టారి దగ్గర పదివేలు లాక్కోవడం ఆమె వల్ల కాలేదు.

"మాస్టారూ, ఆ బ్రేకు పీకించను. దానికోసమే కొంటున్నా. నేర్పడానికి."

మరిది నెత్తి కొట్టుకున్నాడు. "గంట కష్టం గంగపాలు చేశావు కదా వదినా!"

మాస్టారు కాగితం మళ్లీ దగ్గరికి లాక్కున్నారు. చివర తగ్గించిన ఆ పదిని కొట్టేశారు. "అయితే లక్షా యాభై. తెలిసినదానివని తగ్గించనమ్మా. జాలిపడి ఇచ్చారని రేపు నువ్వు ఎవరి ముందూ తలొంచుకోకూడదు."

"నా దగ్గర పది తక్కువుంది మాస్టారూ," అంది.

కిటికీలోంచి అంతా వింటున్న మాస్టారి భార్య చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ముప్పై ఏళ్లు లోకమంతటికీ నేర్పారు. నాకెందుకు నేర్పలేదో చెప్పండి."

"నేర్పబోతే నేను అరుస్తున్నానని నువ్వేగా దిగిపోయావు."

"ఈ అమ్మాయి అరవదు. నా ఫీజు అందులో తగ్గించండి."

"ఫీజు ఆరువేలే."

"నా వయసుకు ఎక్కువ రోజులు పడుతుంది. పది రాయండి."

మాస్టారు తల గోక్కుని, పది రాశారు. "బేరమంటే ఇదీ," అన్నాడు మరిది మనస్ఫూర్తిగా.

ఆవిడ అప్పటికప్పుడే స్టీరింగు ముందు కూర్చుంది. మాస్టారు వెనక తలుపు తీయబోతే, "మీరు అక్కడే ఉండండి," అంది. టైలరమ్మ మొదటిసారి పక్క సీట్లో కూర్చుని, పాదంతో బ్రేకు వెతుక్కుంది.

కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. గేటు దగ్గర మాస్టారు నోరు తెరిచి, చేత్తో మూసుకున్నారు. ఆవిడ భయంభయంగా పక్కకు చూసింది.

"ఏం పర్లేదండీ, అందరికీ ఆగుతుంది. మళ్లీ స్టార్ట్ చేయండి," అంది టైలరమ్మ. ఇదే సీట్లోంచి ఒక్కసారి వినబడితే చాలని అప్పట్లో తను ఎదురుచూసిన మాట అది.