రంగు లేని వేషం

తాంబూలం పుచ్చుకోకుండా పద్మకుమారి ఏనాడూ ముఖానికి రంగు వేసుకోలేదు. రెండు తమలపాకులు, ఒక వక్క, వాటి మీద బయానా డబ్బు. అది కళ్లకద్దుకుని కొంగున ముడేసిందంటే, జ్వరమొచ్చినా జడివానొచ్చినా ఆ నాటకం ఆడి తీరవలసిందే. ఇది ఆమె తల్లి రాజులమ్మ పెట్టిన నియమం. రాజులమ్మా నాటకాలాడిన మనిషే. బొబ్బిలి నుంచి రాయగడ దాకా రైలు పట్టాల వెంబడి ఆవిడ ఏడవని స్టేషను లేదు, ఆవిడ ఏడుపుకి ఏడవని స్టేషను మాస్టరూ లేడు. ఇప్పుడు రెండు కళ్లకీ శుక్లాలు ముసిరాయి. రాయగడలో రైల్వే క్వార్టర్ల వెనక రెండు గదుల ఇంట్లో, మంచం మీద కూర్చుని కూతురికి నియమాలు చెబుతుంటుంది.

రెండో నియమం కూడా ఆవిడదే. “రంగున్నంతసేపూ నువ్వేటన్నా అబద్ధం కాదే అమ్మీ. రంగు తుడిసీసినాక నువ్వేటన్నా వేషం కాదు.” అందుకే కూతురు ఆట ముగించుకుని వచ్చేసరికి కొబ్బరినూనె గిన్నె, పాతగుడ్డ పక్కన పెట్టుకుని కూర్చునేది. తన చేత్తో ఆ రంగు తుడిస్తే గాని ఆవిడకి తిండి సయించదు. చూపు పోయాక కూడా ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. వేలికి రంగు జిడ్డు ముద్దగా తగిలితే, “బాగా దట్టంగా ఎట్టేరు ఈపాలి” అని మురిసిపోయేది.

మురిసిపోవడానికి రోజులే తగ్గిపోయాయి. ఒకప్పుడు దసరాకి శివరాత్రికి మధ్య పద్మకుమారికి పదిహేను నాటకాలుండేవి. రాయగడ రైల్వే వాళ్లు, సునాబెడ ఫ్యాక్టరీ టౌన్‌షిప్పు వాళ్లు, మునిగుడ వర్తకులు, అందరికీ నాటకం కావాలి, ఆ నాటకంలో ఏడవడానికి పద్మకుమారి కావాలి. కేబుల్ టీవీ వచ్చింది. అరుగు దిగనక్కర్లేకుండా ఇంట్లోనే రోజూ ముగ్గురు ఆడవాళ్లు ఏడుస్తుంటే, కుర్చీ మోసుకుని గ్రౌండుకొచ్చి ఈవిడ ఏడుపు చూసే ఓపిక ఎవరికుంది? రెండువేల మూడులో పద్మకుమారికి దొరికినవి మూడంటే మూడు నాటకాలు. మిగతా రోజులు జాకెట్లు కుట్టుకుని నెట్టుకొచ్చింది. వయసు ముప్పై ఆరు. ఇంకో రెండేళ్లు పోతే జాకెట్లే మిగులుతాయని ఆమెకి తెలుసు. అదే ఆమె భయం.

అలాంటప్పుడు శ్రీహరి ఊళ్లో దిగాడు. మునిగుడలో చింతపండు వ్యాపారం చేసే వాళ్లబ్బాయి. పదేళ్ల క్రితం భీమారావు మాస్టారి నాటకాల్లో “అయ్యగారూ, ఉత్తరం” అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయే నౌకరు వేషాలు వేసేవాడు. ఆ ఒక్క మాటా పద్మకుమారే తెర పక్క నుంచి అందివ్వవలసి వచ్చేది. ఇప్పుడు హైదరాబాదులో కాస్టింగ్ డైరెక్టరు. అంటే ఏ సీరియల్లో ఏ వేషం ఎవరికివ్వాలో ఏరే మనిషి. ఉత్తరం తెచ్చినవాడే ఇప్పుడు ఉత్తర్వులిస్తున్నాడని భీమారావు వేళాకోళమాడాడు గాని, కుర్చీ మాత్రం వేశాడు.

భీమారావు రైల్వేలో గార్డు. ఇరవై ఏళ్లుగా అక్కడి నాటక సమాజాన్ని భుజాన మోస్తున్న మనిషి. రిహార్సళ్లు జరిగే గదిలో శ్రీహరి రంగుల కాగితాలు బల్ల మీద పరిచాడు. నటన నేర్పే మూడు రోజుల వర్క్‌షాపు. మనిషికి మూడున్నర వేలు. చివరి రోజు కెమెరా టెస్టు. కొత్త సీరియల్‌కి పదకొండు పాత్రలు కావాలట.

“వర్క్‌షాపంటే మా రైల్వేలో పాడైన బోగీలు బాగుసేసేది. మా బోగీలకేటయిందిరా?” అన్నాడు భీమారావు. “ఇన్నాళ్లూ నటికి మనం డబ్బులిచ్చి పిలిసేం. ఇప్పుడు నటే డబ్బులిచ్చి రావాలేటి?”

“మీరు పరీక్ష ఫీజు కట్టకుండానే గార్డయ్యారా మాస్టారూ? ట్యూషన్ పెట్టించుకోలేదా?” శ్రీహరి నవ్వుతూనే అడిగాడు. “పద్మగారు హైదరాబాదు వచ్చి ఆఫీసుల చుట్టూ తిరిగితే దీనికి మూడింతలవుతుంది. గేటు కూడా తియ్యరు. నేను ఆ గేటునే మీ ఊరికి తెచ్చాను. నా మూడు రోజులకి విలువ లేదా?”

“ఎందుకు నేదు? కాని నాకు ట్యూషన్ సెప్పినోడు పేపరు దిద్దలేదు. పేపరు దిద్దినోడు నాకాడ డబ్బులు పుచ్చుకోలేదు. నువ్వు రెండూ నానేనంటున్నావు. అదీ నాకు కంటగింపు.”

శ్రీహరి పద్మకుమారి వైపు తిరిగాడు. “తల్లి పాత్ర ఒకటుంది మేడమ్. రోజూ ఏడవాలి. మీరే గుర్తొచ్చారు.”

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేవాడికి అవసరముంటే మరీ లోకువ. మాస్టారు చెప్పింది నిజమని పద్మకుమారికి తెలుస్తూనే ఉంది. శ్రీహరి చెప్పింది నిజం కావాలని మాత్రం ప్రాణం కొట్టుకుంది. ఊరి దేవత మజ్జిగౌరమ్మకి మొక్కుకుని, దాచుకున్నది పట్టుకెళ్లి కట్టేసింది. అక్కడొక కుర్రది రసీదు ఇచ్చి, ఇంగ్లీషులో ఉన్న ఫారం మీద సంతకం పెట్టించుకుంది. జీవితంలో మొదటిసారి ఒక ఆట కోసం తన చేతిలోంచి డబ్బు అవతలికి వెళ్లింది. తిరిగి వస్తుంటే దేవుడి ముందు చెప్పులతో నిలబడి వచ్చినట్టు అనిపించింది.

వర్క్‌షాపుకి ముప్పై రెండు మంది వచ్చారు. మొదటి రోజంతా శ్రీహరి తన గురించి చెప్పాడు. రెండో రోజు, కొడుకు శవాన్ని చూసిన తల్లిలా చెయ్యమని పద్మకుమారిని నిలబెట్టాడు. ఆమె అరవలేదు, గుండెలు బాదుకోలేదు. లేని దుప్పటి ఒకటి లేని కొడుకు కాళ్ల మీదికి నెమ్మదిగా లాగింది, చలేస్తుందేమో అన్నట్టు. హాల్లో ఆడపిల్లలు బొటబొటా ఏడ్చేశారు.

“ఇదీ! ఇలా చెయ్యాలి,” అన్నాడు శ్రీహరి. “మేడమ్, వీళ్లకి కొంచెం నేర్పండి. నేనొక ఫోను చేసొస్తాను.”

ఆ ఫోను ఒకటిన్నర రోజులు సాగింది. ముప్పై ఒక్క మందికీ మాట విరుపు, నడక, ఏడుపు, ఏడుపు దిగమింగడం అన్నీ పద్మకుమారే నేర్పింది. గొంతు బొంగురుపోయింది. సంతోషంగానే నేర్పింది, అది దాచుకోనక్కర్లేదు. సీసాడు నీళ్లు తాగి కూర్చున్నాక మాత్రం ఒక సంగతి తట్టింది. ఇక్కడ డబ్బు కట్టింది తాను, పని చేసింది తాను. చివరి రోజు కెమెరా ముందు ఒక్కొక్కరినీ రెండు నిమిషాలు నిలబెట్టి పంపేశారు.

ఫోను వస్తుందని నెలన్నర ఎదురుచూసింది. టెలిఫోను బూత్ వాడు ఆమెని చూడగానే తల అడ్డంగా ఊపడం అలవాటు చేసుకున్నాడు. చివరికి శ్రీహరే ఇంటికొచ్చాడు.

“తల్లి పాత్ర హైదరాబాదులోనే ఖాయమైపోయింది మేడమ్. ప్రొడ్యూసర్ గారి వైపు వాళ్లు. ఫారంలో రాసుంది కదా, వర్క్‌షాపు వేరు, సెలక్షన్ వేరు అని.”

పద్మకుమారి తేరుకునేలోగా శ్రీహరి సంచిలోంచి ఆకు పొట్లం తీసి విప్పాడు. రెండు తమలపాకులు, వక్క, నాలుగు అయిదువందల కాగితాలు. నాటకాల్లో ఉన్నప్పుడు చూసిన ఆచారం ఒక్కటీ వాడు మర్చిపోలేదు.

“కోరాపుట్‌లో ఆదివారం వర్క్‌షాపు. ముందు ఒక పది నిమిషాలు మీరు మాట్లాడాలి. ఫీజు కట్టాను, నేర్చుకున్నాను, సీరియల్‌కి ఎంపికయ్యాను అని.”

“అవలేదు కదా బాబూ?”

“వచ్చే షెడ్యూల్లో అవుతారు. కాస్త ముందుగా చెబుతున్నారంతే. మీకిది వేషమే అనుకోండి.”

లోపలి నుంచి రాజులమ్మ కేకేసింది. “ఎవులే అమ్మీ? తమలపాకు వాసనొస్తంది!”

“తాంబూలమే అమ్మా.”

“మరేటి సూస్తన్నావు, పుచ్చుకో. నాలుగు నెల్లయింది ఈ ఇంటికి తాంబూలమొచ్చి.” ముసలామె గొంతులో ఆనందం విని పద్మకుమారి చెయ్యి చాచింది. చెయ్యి చాచిన క్షణంలోనే తప్పు చేస్తున్నానని అనిపించింది. అనిపించినా కళ్లకద్దుకుంది, కొంగున ముడేసింది.

ఆదివారం పొద్దున్నే కోరాపుట్‌లో రైలు దిగింది. జగన్నాథుడి గుడికి వెళ్లే దారిలో ఒక లాడ్జి హాలు. అలవాటు కొద్దీ రంగుల పెట్టె వెంట తెచ్చుకుని మూలకెళ్లి తెరవబోతుంటే శ్రీహరి అడ్డొచ్చాడు.

“రంగొద్దు మేడమ్. మామూలుగా ఉండాలి. అప్పుడే నమ్ముతారు.”

కట్టుకున్న చీర ఒంటి మీదే ఉన్నా, నలుగురిలో బట్టల్లేకుండా నిలబడ్డట్టయింది ఆమెకి. మైకు ముందు మొదటి రెండు మాటలూ తడబడ్డాయి. మూడో మాటకి అలవాటు పడిపోయింది. ముప్పై ఏళ్ల విద్య, యజమాని వద్దన్నా ఆగుతుందా? కుట్టుమిషను గురించి చెప్పింది. బూత్ వాడు పరుగెత్తుకొచ్చి “అక్కా, హైదరాబాదు ఫోను!” అని అరవడం చెప్పింది. ఆ ముక్క ఎవరూ రాసివ్వలేదు, అప్పటికప్పుడు పుట్టింది. కళ్లు లేని తల్లి చేతులతో తన ముఖం తడిమి, “నిజవేనా అమ్మీ?” అని అడగడం చెబుతుంటే కళ్లమ్మట నీళ్లు జలజలా రాలాయి. ఆ నీళ్లు దొంగవి కావు. నిజమైతే ఎంత బాగుండునో అని వచ్చిన నీళ్లు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మూడేళ్లయింది అలాంటి చప్పట్లు విని. సిగ్గుమాలిన మనసు ఆ చప్పట్లకి పొంగిపోయింది.

డబ్బు కట్టే బల్ల దగ్గర వరస మొదలైంది. పద్మకుమారి వెనక వరండాలో కుళాయి దగ్గరికి వెళ్లింది. ఒక అమ్మాయి వెంట వచ్చింది. పంతొమ్మిదేళ్లుంటాయి. సునాబెడ ఫ్యాక్టరీలో పనిచేసే టెక్నీషియన్ కూతురట, పేరు సుధ.

“అక్కా, నాకు బాగా భయమేసింది వొచ్చినప్పుడు. కంప్యూటరు కోర్సుకని నాన్నిచ్చిన డబ్బులివి. నాన్నకి తెల్దు. మీ మాటలిన్నాక ధైర్యమొచ్చింది. నిజంగానే వేషమిస్తారు కదా?”

పద్మకుమారి ముఖం తడి చేతులతో తుడుచుకుంది. తుడవడానికి ముఖాన ఏమీ లేదు. రంగు లేనప్పుడు నువ్వేమన్నా వేషం కాదు అన్న తల్లి మాట చెవిలో గింగురుమంది.

“ఇవ్వరమ్మి,” అంది. “నాకూ ఇవ్వలేదు. నాను సెప్పిందంతా అబద్ధం. ఆ మాటలు సెప్పడానికే నాకు డబ్బులిచ్చేరు. నువ్వు కట్టకు. ఇంటికెల్లిపో తల్లీ.”

సుధ కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. చూస్తూ చూస్తూ ఆ పిల్ల కళ్లు గట్టిపడ్డాయి.

“ఇందాక మీరు సెప్పినప్పుడు కళ్లంట నీళ్లొచ్చేయి అక్కా. ఇప్పుడు రాలేదు.”

“ఓలమ్మో, అది నటనే అమ్మి! నా బతుకే అది!”

“అబద్ధమైతే అన్ని నీళ్లెలాగొస్తాయి?” సుధ ఒక అడుగు వెనక్కి వేసింది. “మీకు దొరికింది. ఇంకొకరు రాకూడదు. మా నాన్న సెప్తూనే ఉంటాడు, పైకెక్కినోళ్లు నిచ్చెన లాగేస్తారని.”

“సుధా, ఆగమ్మి! మా అమ్మ మీదొట్టు!” పద్మకుమారి చెయ్యి పట్టుకోబోయింది. చెయ్యి విడిపించుకుని ఆ పిల్ల గబగబా వెళ్లి వరసలో నిలబడింది. తన వంతు వచ్చేదాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. డబ్బు ఇచ్చింది, ఫారం మీద సంతకం పెట్టింది. బల్ల వెనక నుంచి శ్రీహరి పద్మకుమారి వైపు చూసి, చాలా బాగా చేశారన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించాడు.

దీపాలు పెట్టే వేళకి పద్మకుమారి రాయగడ ఇంటికి చేరింది. రాజులమ్మ అప్పటికే గిన్నె, గుడ్డ సర్దుకుని మంచం మీద కాచుకుని కూర్చుంది.

“జనం బాగా వొచ్చేరేటే?”

“వొచ్చేరమ్మా.”

“ఏడిసేరేటి?”

“ఏడిసేరు.”

“మా తల్లే! రా, కూకో.” రాజులమ్మ గుడ్డ నూనెలో ముంచి కూతురి నుదురు మీద నుంచి బుగ్గ మీదికి లాగింది. మళ్లీ లాగింది. గుడ్డ వేళ్ల మధ్య నలిపి చూసుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“రంగేదే?”

“ఎయ్యలేదమ్మా.”

“ఎయ్యకుండా ఏటాడేవే?”

పద్మకుమారి కొంగు ముడి విప్పి, వాడిపోయిన ఆకులు, నోట్లు తల్లి ఒళ్లో పెట్టింది. “ఇవి తిరిగి పంపీమంటావా అమ్మా?”

“ఆడీసిన ఆటకి తాంబూలం తిరిగెవులు పుచ్చుకుంటారే ఎర్రి మొకమా?” అంది రాజులమ్మ. గుడ్డ మళ్లీ నూనెలో ముంచి, ఎక్కడైనా కాస్తయినా రంగు మిగిలిందేమోనని కూతురి బుగ్గలు గట్టిగా రుద్దసాగింది.