ఓడకిచ్చిన గొంతు

మా ఆయన ఇంట్లో గొంతెత్తి మాట్లాడేవారు కాదు. డబ్బింగ్ చెప్పేవాళ్ళకి గొంతే కూడు. పగలంతా రాక్షసులకీ రౌడీలకీ అరిచి వచ్చి, గుమ్మం దాటగానే దానికి సెలవిచ్చేసేవారు. మంచినీళ్ళు కావాలన్నా గుసగుసే, కోపం వచ్చినా గుసగుసే. "మీ మొగుడూ పెళ్ళాలకి ఎన్ని రహస్యాలే!" అని మా అక్క వేళాకోళం చేసేది. గుసగుసగా పోట్లాడటం ఎంత కష్టమో దానికేం తెలుసు?

ఆయన పోయేనాటికి పాపకి నాలుగేళ్ళు. ఇప్పుడు రెండో తరగతి. మీ నాన్న ఎలా మాట్లాడేవాడని బళ్ళో ఎవరో అడిగారట. వచ్చి నన్నడిగింది. ఫోన్లో ఉన్న వీడియోలన్నీ వెతికాను. తీసింది ఆయనే కనుక వాటిలో పాప ఉంది, నేనున్నాను, ఆయన లేరు. ఒక్కదాంట్లో కనిపించారు, పెదవుల మీద వేలు పెట్టుకుని. పోనీ సినిమాలు చూపిద్దామంటే, అన్నిట్లోనూ ఎవరో ఒకరి పీక నొక్కుతూనే ఉంటారు. ఒక అంతరిక్షం సినిమాలో మాట్లాడే ఓడకి గొంతిచ్చారు. అదొక్కటే మంచి పాత్ర. దాన్ని కూడా ఏదో యంత్రంలో వేసి రేకుడబ్బా మోతలా మార్చేశారు.

అలాంటప్పుడు మరిది ఫోన్ చేశాడు. సొంత మరిది కాడు. ఆయన్ని అన్నా అని పిలిచినందుకు నాకు మరిది అయ్యాడు. సినిమాల్లో మాటలూ చప్పుళ్ళూ సర్దిపెట్టే పని అతనిది.

"వదినా, ఆ సినిమాకి రెండో భాగం తీశారు. అందులో పాత ఓడ మళ్ళీ దొరుకుతుంది. దానికి కొత్త గొంతు పెడదామన్నారు. నేను ఊరుకుంటానా? అన్న అప్పుడు చెప్పిన డైలాగే తెచ్చి పెట్టేశాను."

"పేరు వేస్తారా?"

"వెయ్యరు. దాచిపెట్టడంలోనే ఉంది మజా. పట్టుకున్నవాళ్ళు పట్టుకుంటారు. అసలు సంగతి వినండి. కథలో ఓడ పాడైపోయి మనిషిలా మాట్లాడుతుంది, అందుకని ఈసారి గొంతుని యంత్రంలో వెయ్యలేదు. అచ్చం అన్న గొంతే!"

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"హాల్లో అయితే ఈలల్లో కొట్టుకుపోతుంది. పాపని తీసుకుని స్టూడియోకి వచ్చెయ్యండి" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే పాప తనంతట తనే తల దువ్వుకుంది. బస్సులో నా చెయ్యి వదల్లేదు.

"నాన్న నిజంగా మాట్లాడతాడా?"

"మాట్లాడతాడు."

"నాతోనా?"

"అందరితోనూ. నీతో కూడా."

స్టూడియోలో అది గోడలన్నిటికీ మెత్తటి గుడ్డ అతికించిన చిన్న గది. మరిది పాపని తన కుర్చీలో కూర్చోబెట్టి, పెద్ద హెడ్‌ఫోన్స్ జారిపోకుండా రెండు చేతులతో పట్టుకోమన్నాడు. నాకూ ఒకటి ఇచ్చి, మీట నొక్కాడు.

"తలుపులు మూస్తున్నాను. లోపల ఉన్నవాళ్ళు భయపడకండి. నేనున్నాను."

పెళ్ళికి ముందు ఫోన్లో విన్న గొంతు. నిండుగా, ఎక్కడా ఒరుసుకోకుండా. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

పాప ఇంకా ఎదురుచూస్తోంది. "నాన్న ఎప్పుడొస్తాడు?"

"ఇప్పుడు విన్నావు కదమ్మా. అదే నాన్న."

"కాదు." హెడ్‌ఫోన్స్ తీసేసి కుర్చీ దిగింది. నా మెడ వంచి, చెవి చుట్టూ చెయ్యి అడ్డం పెట్టి, ఊపిరితోనే చెప్పింది. "నాన్న ఇలా మాట్లాడతాడు."

దానికి అంత గుర్తుందని నాకు తెలియదు. మాట సాగదీసే ఆ తీరూ ఆ విరుపూ అన్నీ ఆయనవే.

నేను మరిది వైపు తిరిగాను. "ఆయన ప్రతి డైలాగూ ముందు గుసగుసగా ఒకసారి అనుకుని, ఆ తర్వాత గట్టిగా చెప్పేవారట కదా. పాత రికార్డింగులో అది ఉంటుంది కదూ?"

అతని మొహం మాడిపోయింది.

"ఉండేది వదినా."

"ఉండేదంటే?"

"మాటకీ మాటకీ మధ్య ఉన్నదంతా కోసేస్తాం. ఊపిరి, దగ్గు, గొణుగుడు... మా పనే అది. మామూలుగా అయితే అసిస్టెంట్లు చేస్తారు, అక్కడో ముక్క ఇక్కడో ముక్క మిగిలిపోతుంది. అన్న గొంతు కదా అని నేనే కూర్చున్నాను. ఒక్క మచ్చ లేకుండా చేసి, అదే దాచి, పాతది చెరిపేశాను."

అంత ప్రేమగా చేసిన పనిని ఏమని తిట్టను? పోనీలే అనాలనుకున్నాను. అతను తల దించుకుని, పని లేకపోయినా ఏవో మీటలు అటూ ఇటూ తిప్పుతున్నాడు.

పాప మా ఇద్దరి మొహాలూ చూసింది. తనేదో తప్పు చేశాననుకుంది కాబోలు, మళ్ళీ కుర్చీ ఎక్కి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

"బాబాయ్, ఇంకోసారి పెట్టవా?"

కళ్ళు మూసుకుని చివరిదాకా బుద్ధిగా వింది.

"ఈ అంకుల్ గొంతు బాగుందమ్మా" అంది, నన్ను ఊరడిస్తున్నట్టు.

"అవును" అన్నాను.