అన్నయ్య కాగితం

చెల్లికి కిడ్నీ ఇవ్వడానికి నేను సిద్ధం. రక్తం కలిసింది, డాక్టరు సరేనన్నాడు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలేనని రుజువు తెస్తే తప్ప ఆపరేషన్ లేదంది ఆసుపత్రి కమిటీ. దానికి నా జనన ధ్రువపత్రం కావాలి. అందరిళ్ళ పైపులూ బాగుచేసే నా ఇంట్లోనే కొళాయి కారి, ట్రంకుపెట్టెలో కాగితాలన్నీ ముద్దయిపోయాయి. నవ్వుకోండి, నాకేం.

నకలు తీయడం బ్రహ్మవిద్యేం కాదన్నారు. పత్రం పోయిందని అఫిడవిట్ రాయించి, పుట్టిన సంవత్సరం, అమ్మానాన్నల పేర్లు దరఖాస్తులో నింపి మున్సిపల్ ఆఫీసుకు పట్టుకెళ్ళాను. రికార్డు గుమాస్తా లావుపాటి రిజిస్టరు తీసి, వేలితో వరసలు దిగుతూ ఒకచోట ఆగాడు.

“ఈ పేరు ఎవరిదండీ?”

“నాదే.”

“పక్కన ఎర్ర సిరాతో రాసుంది చూడండి. ఏడో నెలలో చనిపోయాడు.”

“కళ్ళు కనబడట్లేదా? ఎదురుగా గుండ్రాయిలా నిలబడ్డాను కదయ్యా!”

“నామీద అరిస్తే ఏం లాభం? రాసినాయన రిటైరై ఇరవై ఏళ్ళయింది.”

ఇంటికొచ్చేసరికి అమ్మ చెల్లి మంచం మీద కూర్చుని, వాచిన పాదాలు నిమురుతోంది. అడిగితే దాచలేదు.

“వాడు మీ అన్నయ్యరా. రెండేళ్ళకి నువ్వు పుట్టావు. ఆ పేరే పెట్టుకున్నాం. నీ పుట్టుక రాయించడానికి మీ నాన్న మళ్ళీ ఆ ఆఫీసు గడప తొక్కలేనన్నారు. బళ్ళో అడిగితే వాడి కాగితమే ఇచ్చాం. ఎలాగూ ఇంట్లో ఉందిగా.”

“అంటే నేను లెక్కలోనే లేనన్నమాట!” అని అరిచాను.

“పోనీలే అన్నయ్యా, ఒక్కసారిగా రెండేళ్ళు చిన్నవాడివయ్యావు,” అంది చెల్లి. నవ్వబోయి ఆయాసపడింది. నాకు ఏడుపొచ్చింది.

ఇక నకలు కుదరదు, కొత్తగా నమోదు చేయించుకోవాలట. నా పుట్టుక ఎక్కడా రాసిలేదని ఒక పత్రం, అమ్మ వాంగ్మూలం, ఇద్దరు సాక్షులు, విచారణ, పై అధికారి ఆర్డరు. ‘నా మొదటి కొడుకు చనిపోయాడు’ అన్న వాక్యం కింద వేలిముద్ర వేస్తుంటే అమ్మ వేలు పక్కకి జరిగి అచ్చు చెదిరింది. మళ్ళీ వేయించారు. అధికారి సెలవులో వెళ్ళాడు, వచ్చాక బదిలీ అయ్యాడు. డీఎన్ఏ పరీక్షతో తేల్చుకోండయ్యా అని ఆసుపత్రిలో మొత్తుకుంటే, కాగితం ఉండాల్సిందే అన్నారు. కాళ్ళరిగేలా తిరిగాను. బల్ల గుద్దాను, బతిమాలాను.

పదకొండో వారంలో పత్రం సిద్ధమైందని గుమాస్తాయే ఫోన్ చేశాడు. మూడు రోజుల తర్వాత వెళ్ళాను.

“ఇన్నాళ్ళూ ప్రాణం తోడేశారు, తీరా అయ్యాక పత్తా లేరేంటండీ?” అన్నాడు నవ్వుతూ. “తప్పులేమైనా ఉన్నాయేమో చూసుకోండి.”

తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

“ఇంకో పనుంది. ఒక మరణం నమోదు చెయ్యాలి,” అన్నాను.

“ఎవరిదండీ?”

“మా చెల్లెలిది.”

అతని మొహంలో నవ్వు పోయింది. సొరుగు లాగి ఫారం ఇచ్చాడు.

“ఏమనుకోకండి... మీరు ఆమెకి అన్నయ్యేనని రుజువు జతచెయ్యాలి,” అన్నాడు మెల్లగా.

చేతిలో ఉన్న కొత్త పత్రాన్నే అతనికిచ్చాను.