ఇరవై నాలుగు ఇళ్ల స్నానం

కరెంటు మేస్త్రీ మెయిన్ బోర్డులో ఒక్కో మరనూ బిగించి, బిగించినదాన్ని మళ్లీ తిప్పి చూసుకుంటున్నాడు. నెల రోజులుగా రోజూ ఇదే పని. రోజూ సాయంత్రం మెయిన్ ఫ్యూజు కాలిపోతోంది. మెట్ల కింది ఆ ఇరుకు గదిలో అతని భుజాలు రెండు గోడలకూ రాసుకుంటున్నాయి. వేళ్ల కొసలు కాయలు కాసి, గోళ్లు బల్లపరుపుగా అరిగిపోయి ఉన్నాయి.

ఆ అపార్టుమెంటులో ఇరవై నాలుగు ఇళ్లు. తీగలన్నీ లాగింది అతనే. "మీ జాయింట్లలోనే ఎక్కడో లోపముంది. రేపు గోడలు పగలగొట్టిస్తాను" అని ఇంజినీరు నిన్న తేల్చేశాడు. నలభై ఏళ్లలో అతను లాగిన తీగ కోసం ఏ గోడా పగలలేదు. వయసు పైబడి మానుకుంటున్న అతని పనికి ఇవాళే ఆఖరి రోజు.

ఇంజినీరు లెక్క మామూలు లెక్కే. అన్ని ఇళ్ల వాడకం కలిపితే రెండు వందల ఆంపియర్లు. అందులో సగానికి ఫ్యూజు. అందరూ అన్నీ ఒకేసారి వెయ్యరు. మేస్త్రీ కూడా ఎన్నో భవనాలకు అలాగే వేశాడు. "ఇల్లంతా ఒకేసారి తుమ్మదు కదా" అనేవాడు.

అయినా ఈ మధ్యాహ్నం ఇరవై నాలుగు తలుపులూ తట్టాడు. అడిగింది ఒకటే: హీటరు వేసి స్నానం ఎప్పుడు? చదివింది మూడో తరగతి. జవాబులు సుద్దముక్కతో గోడ మీద గీతలుగా పెట్టుకున్నాడు. ఇరవై రెండు గీతలు ఒక్కచోటే గుమిగూడాయి. అందరిదీ పక్కనున్న కార్ఖానాయే. అందరికీ పని వదిలే కూత ఒకటే.

మూడో అంతస్తు ఇల్లాలు మెట్ల మీంచి తొంగిచూసింది. "తాతా, మా ఆయన ఇవాళ కూడా నెత్తిన సబ్బుతో నిలబడాలా?"

"చెప్పింది గుర్తుందా?"

"నువ్వు అరవగానే పై రెండంతస్తుల్లో హీటర్లన్నీ కట్టేయించాలి. నువ్వు అరవడమా? అదీ చూస్తాలే."

ఇంజినీరు వచ్చాడు. మేస్త్రీ తీగను కరిచిపట్టే మీటరు తగిలించి, అంకెలు అతనికి కనిపించేలా తిప్పాడు.

"ముప్పయ్యే కదా" అన్నాడు ఇంజినీరు.

"కూత పడనివ్వండి సార్."

కూత పడింది. పది నిమిషాల్లో మెట్లన్నీ అడుగుల చప్పుడు. తలుపులు. బకెట్లు. అంకె ఎనభై దాటింది, నూట ఇరవై దాటింది, నూట డెబ్బై రెండు దగ్గర నిలిచింది. ఫ్యూజు మీంచి వేడి మొహానికి తగిలింది.

"అమ్మా, కట్టెయ్!"

భవనం ఉలిక్కిపడింది. అంకె జారి జారి ఎనభై ఎనిమిదికి దిగింది.

పైనుంచి మగగొంతు: "ఒసే, కళ్లలో సబ్బు."

"ఓర్చుకోవయ్యా, తాత గెలుస్తున్నాడు."

కింది ఇళ్ల స్నానాలయ్యాక పై ఇళ్లకు వదిలారు. నెల రోజుల్లో మొదటిసారి ఏ దీపమూ ఆరలేదు. తడి తలలతో జనం మెట్ల మీద నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇంజినీరు కాసేపు గోడ మీది గీతలు చూశాడు. "ఇక్కడ సగం వెయ్యకూడదు. రెండు వందలకే రాస్తాను, మెయిన్ తీగ కూడా లావుదే. మీ గోడలు ఎవరూ ముట్టుకోరు మేస్త్రీ గారూ."

"వీళ్లు కలిసే తుమ్ముతారు సార్" అని మేస్త్రీ సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "వస్తాను."

తల ఎత్తుకుని, నడిరోడ్డు మీద పెళ్లికొడుకులా నడుచుకుంటూ మలుపు తిరిగిపోయాడు.

గదికి తాళం వెయ్యబోయి ఇంజినీరు ఆగాడు. బోర్డు ముందు, షాకు కొట్టకుండా మేస్త్రీ నలభై ఏళ్లుగా కాళ్ల కింద వేసుకునే చెక్కపలక అక్కడే ఉండిపోయింది; దాని మీద రెండు అరికాళ్ల మేర నున్నగా అరిగి, తాకి చూస్తే ఇంకా వెచ్చగా ఉంది.