హవ్వక్క కాళ్ల చీమలు

1991 జనవరి ఇరవై ఒకటి, సోమవారం, సాయంత్రం నాలుగు గంటలకు సౌదీలోని హఫర్ అల్ బాతిన్ ఆస్పత్రి క్వార్టర్స్‌లో దీనమ్మ టీకి నీళ్లు పెట్టి పంచదార డబ్బా మూత తీసింది. బాపట్ల నుంచి నర్సుగా వచ్చి ఎన్నేళ్లయినా ఆమె టీలో అల్లం ఘాటు తగ్గలేదు. ఆస్పత్రి ఏసీలు బాగుచేసే ఆమె భర్త యిర్మీయా పడగ్గది కిటికీకి ప్లాస్టిక్ కాగితం కప్పి టేపు వేస్తున్నాడు. ఇరాక్‌తో యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ, విషపు గ్యాసు లోపలికి రాకుండా, అదే పని.

పక్క గది హవ్వక్క లాండ్రీలో పని ముగించుకుని వచ్చింది. సూడాన్ మనిషి, గుమ్మానికి తల తగిలేంత పొడుగు. షుగరు జబ్బు వచ్చిన నాటినుంచి చీమలు ఆమె కాళ్లకు కడియాల్లా చుట్టుకుని ఆమెతోపాటే తిరిగేవి. కుట్టేవి కావు. పిక్కల మీదికి ఎక్కాయంటే డాక్టరు ఇన్సులిన్ కాస్త పెంచేవాడు. ఆ సూది రోజూ పొద్దున్నే దీనమ్మే వేసేది.

ఆ సాయంత్రం చీమల కడియం బాగా పల్చబడి ఉంది. షుగరు అదుపులోకి వచ్చిందని దీనమ్మ మురిసిపోయింది.

"ఏం హవ్వక్కా, నీ చీమలు యుద్ధానికి జడిసి పారిపోయాయా?" అన్నాడు యిర్మీయా. వాళ్ల మాటలు సగం అరబ్బీ, సగం సైగలు.

"నీ దగ్గరికొచ్చాయేమో చూసుకో."

"నా దగ్గరికెందుకొస్తాయి? నేను వేపకాయనంట. మీ చెల్లెలు దీనమ్మే చెప్పింది."

హవ్వక్క నవ్వింది గానీ ఆ నవ్వులో ఓపిక లేదు. "దీనా, కళ్లు మసకలేస్తున్నాయి. ఎవరికీ చెప్పకు. జబ్బు మనిషినని ఎగ్జిట్ వీసా కొట్టి మా దేశానికి పంపేస్తారు. మా ఊళ్లో మలేరియాకు మాత్రలున్నాయి, దీనికి లేవు. మా అమ్మ పాదం పోయింది. అన్నకు కళ్లు పోయాయి. జ్వరం లేనిది జబ్బెలా అవుతుందంటారు అక్కడ."

దీనమ్మ బదులు చెప్పేలోగా సైరన్ మోగింది.

ముగ్గురూ పడగ్గదిలో దూరారు. యిర్మీయా తలుపు సందులకు టేపు వేశాడు. ముఖాలకు మాస్కులు బిగించుకున్నారు. పంచదార డబ్బా వంటింట్లో మూత లేకుండానే ఉండిపోయింది.

కాసేపటికి హవ్వక్క చేతులు వణకసాగాయి. బట్టలు చెమటతో తడిసిపోయాయి. ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చింది. మంచం మీద ఒరిగిపోయింది.

"గ్యాసే!" యిర్మీయా గొంతు మాస్కులోంచి డొల్లగా వినిపించింది. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన పెట్టెలోంచి గ్యాసుకు విరుగుడు సూది తీశాడు. "పొడువు దీనమ్మా, చూస్తావేంటి!"

గ్యాసు సోకితే ఇవే లక్షణాలని దీనమ్మకూ చెప్పి పంపారు. సోకనివాళ్లకు ఆ సూది పొడిస్తే గుండె తట్టుకోదనీ చెప్పారు. సూది అందుకుంది. ప్రభువా, దారి చూపించు అనుకుంది.

అప్పుడు తలుపు కింద టేపు అంచు లేచింది. చీమలు. ఒకదాని వెనక ఒకటి, ఒక్కోదాని నోట ఒక్కో పంచదార పలుకు. మంచం కోడు ఎక్కి, హవ్వక్క మెడ దాకా వెళ్లి, మాస్కు అంచున పలుకు దించి వెనక్కి తిరుగుతున్నాయి. అక్కడ చిన్న కుప్ప అయింది.

దీనమ్మ చెయ్యి ఆగిపోయింది. "హవ్వక్కా, ఇవాళ ఏమన్నా తిన్నావా?"

హవ్వక్క తల అడ్డంగా కదిలింది. యుద్ధం ఆగాలని ఆ సోమవారం ఉపవాసం పట్టింది. చెబితే తిడుతుందని దీనమ్మకు చెప్పకుండా పొద్దున ఇన్సులిన్ సూది వేయించుకుంది. ఖాళీ కడుపు మీద సూది పడి ఒంట్లో షుగరు పడిపోయింది, కడియం పల్చబడింది అందుకే.

దీనమ్మ ఆమె మాస్కు పట్టీ విప్పబోయింది.

"నీకు పిచ్చా? చచ్చిపోద్ది!"

"చీమలు చావలేదు కదండీ."

మాస్కు తీసేసింది. పంచదార వేలికద్దుకుని హవ్వక్క చిగుళ్లకు రాసింది. అది అయిపోయేసరికి చీమలు ఇంకో కుప్ప తెచ్చాయి. యిర్మీయా కళ్లు మూసుకుని గొణుగుతూ ప్రార్థన చేస్తున్నాడు. వణుకు తగ్గింది. చెమట ఆరింది.

హవ్వక్క కళ్లు తెరిచి నాలుకతో పెదవి తడుపుకుంది. "పొద్దు కూకిందా?"

"ఇంకా లేదు."

"మరి నా ఉపవాసం?"

"విడిపించింది నేను కాదక్కా. పైవాణ్ణడుగు."

మర్నాడు పొద్దున దీనమ్మ సూది చేతిలో పట్టుకుని, హవ్వక్క రెండు రొట్టెలూ గుడ్డూ తినేదాకా ఎదురుగా కూర్చుంది. యిర్మీయా పడగ్గది తలుపుకు కొత్త టేపు వేశాడు. పైనా పక్కలా గట్టిగా నొక్కి, కింద ఒక మూల వేలెడు సందు వదిలేశాడు.  దీనమ్మ చిటికెడు పంచదార తెచ్చి ఆ సందు దగ్గర పోసింది.