గోదాము మాష్టారి అలొకేటర్

ఆఫీసులో ఆయన్ని అందరూ గోదాము మాష్టారనేవారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అయితే సారే. కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా దొరికితే చాలు, బోర్డు ముందు కూర్చోబెట్టి ప్రోగ్రాములకు మెమరీ పంచే తన అలొకేటర్ గురించి పాఠం మొదలుపెట్టేవారు. ప్రోగ్రాములో సమాచారం దాచే చిన్న ఆబ్జెక్టు పుట్టిన ప్రతిసారీ మెమరీ కోసం సిస్టమ్ దగ్గరికి పరిగెత్తడమంటే, చిటికెడు ఉప్పు కావలసినప్పుడల్లా బజారుకు వెళ్లి రావడమేనట. బుద్ధి ఉన్నవాడు ఒక్కసారే గోదాము నిండా సరుకు దించుకుని, సైజును బట్టి అరలు కట్టి, అడిగినవాళ్లకు అక్కణ్ణించే తీసి ఇస్తాడట. ఆ గోదామును సి ప్లస్ ప్లస్ భాషలో ఒంటిచేత్తో కట్టింది తానేనని చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేవారు. దాన్ని వినయం అనుకోవాలని ఆయన కోరిక.

వాళ్లు తయారుచేసేది లాబొరేటరీల్లో రక్తం పరీక్షించే యంత్రాలకు ప్రోగ్రాము. యంత్రంలోకి రక్తం నింపిన ఒక గొట్టం వెళ్లిందంటే లోపల బోలెడు ఆబ్జెక్టులు పుట్టి పోతుంటాయి. అవన్నీ తన అలొకేటర్ ద్వారానే పుట్టాలని మాష్టారి శాసనం. ఎవరి కోడ్‌లోనైనా మామూలు పద్ధతిలో మెమరీ అడిగినట్టు కనబడితే మొహమాటం లేకుండా తిప్పి కొట్టేవారు.

ఆ దెబ్బ ఈమధ్య కొత్తావిడకు తగిలింది. పిల్లల్ని పెంచడానికి ఏళ్ల తరబడి ఇంట్లో ఉండి, మళ్లీ ఉద్యోగంలోకి వచ్చిన మనిషి. అప్పటికి ఇంకా పర్మనెంటు కాలేదు. రిపోర్టుల పని చక్కగా చేసి చూపిస్తే, అలొకేటర్ వాడలేదని మాష్టారు మొత్తం మళ్లీ రాయించారు. పాపం, శని ఆదివారాలు కూడా వచ్చి రాసింది. అది చాలనట్టు, ఆవిడ ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అని పైనుంచి అడిగితే, "మెమరీ మీద బొత్తిగా శ్రద్ధ లేదు, వద్దు" అని రాసి పంపారు. పంపింది ఎవరికో కాదు, బావమరిదికే. ఒకప్పుడు ఈయన పక్కన కుర్చీ వేసుకుని పని నేర్చుకున్న కుర్రాడే ఇప్పుడు ఈయనకు మేనేజరు.

సోమవారం మీటింగులో మాష్టారు లేచి నిలబడ్డారు. అరల్లోంచి మెమరీ తీసిచ్చే పద్ధతిని పూర్తిగా మార్చాననీ, ఇకమీదట లాబొరేటరీల్లో ఫలితాలు చకచకా వచ్చేస్తాయనీ ప్రకటించారు. గదంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది బావమరిది.

"అదరగొట్టేశావు బావా!" అన్నాడు.

కొత్తావిడ మాత్రం గోళ్లు చూసుకుంటూ, అందరూ ఆపేశాక రెండు చప్పట్లు కొట్టింది. పాపం అర్థం కాలేదు కాబోలు అనుకున్నారు మాష్టారు. మీటింగు కాగానే కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన చేరారు.

"చూడమ్మా, నీ కళ్లముందే చూపిస్తాను. అసలు ప్రోగ్రాము నడుపు."

"అసలుది ఎందుకు సార్? మీ టెస్టు ప్రోగ్రాములో చూపించండి, చాలు."

"టెస్టులో ఏముంది? కస్టమర్ దగ్గర నడిచే దాంట్లో చూడాలి గానీ!"

ఆవిడ మౌస్ ఆయనవైపు జరిపింది. మాష్టారు తన అలొకేటర్ మొదటి లైను మీద ఎర్ర చుక్క పెట్టారు. ఎవరు మెమరీ అడిగినా ప్రోగ్రాము అక్కడికి రావాలి, వచ్చి ఆ చుక్క దగ్గర ఆగాలి. మీట నొక్కి, మీసం మీద వేలేసి కూర్చున్నారు.

ప్రోగ్రాము ఆగలేదు. శాంపిళ్లు ఒకదాని వెంట ఒకటి వెళ్లాయి, రిపోర్టులు తెరమీద పడ్డాయి, చివర "పూర్తయింది" అని కూడా వచ్చింది.

"చుక్క సరిగా పడినట్టు లేదు," అన్నారు మాష్టారు. మళ్లీ పెట్టారు, మళ్లీ నడిపారు. మళ్లీ అంతే.

"సార్, టీ తాగొద్దాం రండి," అంది ఆవిడ మెల్లగా.

"ఉండమ్మా!"

చుట్టుపక్కల కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఎవరూ ఇటు తిరగలేదు గానీ, అందరి వీపులూ వింటున్నాయి. మాష్టారు ఆ ఫైలూ ఈ ఫైలూ తెరిచి, ఆఖరికి ప్రోగ్రామును ఎలా తయారుచేయాలో చెప్పే, తాను ఎన్నడూ ముట్టుకోని బిల్డ్ సెట్టింగుల్లోకి వెళ్లారు. అక్కడుంది ఒకే ఒక్క లైను. కస్టమర్లకు పంపే ప్రోగ్రాములో మాష్టారి అలొకేటర్‌ను తప్పించి, మెమరీ మామూలుగా సిస్టమ్‌నే అడగమని దాని అర్థం. పక్కన "ప్రస్తుతానికి" అని రాసి ఉంది. రాసింది బావమరిది. ఏళ్ల కిందట, మాష్టారికి కడుపులో రాళ్లు తీసిన రోజుల్లో.

"నీకు తెలుసా?" అని అడిగారు, తెరమీద నుంచి కళ్లు తిప్పకుండా.

"చేరిన రోజే ఇక్కడివాళ్లు చెప్పారు సార్. బాత్రూమ్ తాళం ఎక్కడుంటుందో, ప్రింటర్ ఎలా నడుస్తుందో చెప్పినప్పుడే ఇది కూడా. సార్ అడిగితే వాడేయండి, ఎలాగూ అది నడవదు కాబట్టి నష్టం లేదు అన్నారు."

మాష్టారికి తల కొట్టేసినట్టయింది. ఇందాకటి చప్పట్లు ఇప్పుడు ఒక్కొక్కటీ చెంపమీద పడుతున్నాయి. నడవని దానికోసం ఈ మనిషి సెలవు రోజులు రెండూ తినేశారు. నడవని దాన్ని సరిగా వాడలేదని ఆవిడ నోటిదగ్గర కూడు లాగబోయారు. భూమి చీలితే బాగుండునని జనం ఎందుకంటారో ఆయనకు ఇన్నేళ్లకు తెలిసొచ్చింది.

లేచి, గోడవారగా నడుచుకుంటూ బావమరిది గదిలోకి వెళ్లి తలుపు వేశారు.

"ఏరా, ప్రస్తుతానికి అంటే ఎన్నాళ్లురా?"

బావమరిది ముఖం పాలిపోయింది. కాసేపు నసిగి, చివరికి చెప్పాడు. అప్పట్లో ఒక లాబొరేటరీలో యంత్రం ఆగకుండా నడిచీ నడిచీ బిగుసుకుపోయింది. మాష్టారి గోదాములో చిన్న సైజు అరలు బోలెడు ఖాళీగా ఉన్నాయి. అయినా పెద్ద సైజు ఆబ్జెక్టుకు చోటు దొరకలేదు, ఎందుకంటే ఒకసారి కట్టిన అర మరో సైజుకు ఇవ్వడం దానికి రాదు. ఆ లైను పెట్టాక యంత్రం మళ్లీ నడిచింది.

"నాకొక మాట చెప్పొచ్చుగా?"

"చెబుదామనే ఆస్పత్రికి వచ్చాను బావా. అక్క గుమ్మంలోనే ఆపేసింది. కుట్లు పచ్చిగా ఉన్నాయి, ఇప్పుడెందుకురా అంది. తర్వాత నువ్వు లేచొచ్చి మళ్లీ దానిమీదే కూర్చున్నావు. నోరు రాలేదు."

అంటే తన భార్యకు కూడా తెలుసన్నమాట. రోజూ సాయంత్రం చేతికి తువ్వాలు ఇస్తూ, ఇవాళ మీ గోదాము ఎంతవరకు వచ్చింది అని ఆవిడ అడగడం, ఈయన ముఖం కడుక్కునేదాకా ఆగలేక గొప్పలు మొదలుపెట్టడం గుర్తొచ్చాయి. అయినా వచ్చిన పని ఒకటుంది.

"సరే, నా సంగతి వదిలెయ్. కొత్తావిడ గురించి నేను రాసింది తీసెయ్. పెద్ద తప్పు చేశాను. ఆవిడ ఉద్యోగం పోకూడదు."

"పోదు బావా. పోయిన వారమే ఖాయం చేసేశాం."

"వద్దని రాశాను కదరా!"

బావమరిది బల్లమీద ఉన్న పెన్నును ఇటునుంచి అటు పెట్టాడు. "నువ్వు రాసినవి చదువుతాం బావా. చదివి... పక్కన పెడతాం."

"ఆవిడ ఒక్కదాని విషయంలోనేనా?"

బావమరిది లేచి, బాగానే ఉన్న కిటికీ తెరను సర్దడం మొదలుపెట్టాడు.

మాష్టారు తిరిగి కొత్తావిడ దగ్గరికి వచ్చారు. కూర్చోలేదు.

"అమ్మా, నిన్ను అనవసరంగా ఏడిపించాను. నీ గురించి అన్యాయంగా రాశాను. క్షమించు."

"అయ్యో, పర్లేదు సార్!"

ఎంత చురుగ్గా అందో! ఇన్నేళ్లుగా అందరూ తనను బుజ్జగిస్తూ మాట్లాడుతున్న గొంతు ఇదేనని ఆయనకు మొదటిసారి వినబడింది.

"పర్లేదనకమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఆ అలొకేటర్ చదివావు కదా, అందులో ఏమేం తప్పులున్నాయో చెప్పు. నీ పిల్లాడి హోంవర్కు దిద్దినట్టు దిద్దు."

ఆవిడ ఒకసారి మేనేజరు గదివైపు చూసింది. తర్వాత ఆయన ముఖంలోకి చూసింది. నిజంగానే అడుగుతున్నారని నమ్మకం కుదరడానికి కొంత సేపు పట్టింది. అప్పుడు కుర్చీ ముందుకు జరుపుకుని, మౌస్ తన దగ్గరికి లాక్కుంది.

"కూర్చోండి సార్," అంది. "చాలా సేపు పడుతుంది."

మాష్టారు కూర్చున్నారు.